మా మేనత్త ఇచ్చిన పట్టు రుమాలు: రెండు కళ్లేలు ఉన్నాయి, గుర్రం లేదు. దీని కథ ఎవరికైనా తెలుసా?

నీలాంబరి (హైదరాబాద్)

అందరికీ నమస్కారం. బట్టల గురించి లోతుగా తెలిసినవాళ్లు ఇక్కడ ఉన్నారని విని వచ్చాను.

మా మేనత్త లండన్‌లో ముప్పై ఏళ్లకు పైగా నర్సుగా పనిచేసి, రెండేళ్ల క్రితం ఇంటికొచ్చేశారు. మొన్న సంక్రాంతికి బీరువా సర్దుతుంటే అడుగున పల్చటి నారింజ రంగు పెట్టె కనబడింది. లోపల పట్టు రుమాలు. టేపు పెట్టి కొలిచాను, అటు తొంభై, ఇటు తొంభై సెంటీమీటర్లు. నడుమ మీగడ తెలుపు, చుట్టూ ముదురు నీలం అంచు. బొమ్మేమో గుర్రం తలకు తగిలించే రెండు కళ్లేలు, ఎదురెదురుగా. తోలు పట్టీల మీద కుట్లు లెక్కపెట్టుకోవచ్చు, అంత స్పష్టంగా ఉన్నాయి. గుర్రం మాత్రం ఎక్కడా లేదు. కంపెనీ పేరు హెర్మెస్, పారిస్ అని ఉంది. దానితో పాటు చిన్న అక్షరాల్లో 'బ్రైడ్స్ డి గాలా' అని ఉంది. పెళ్లికూతుళ్లకు సంబంధించినదా అనుకున్నాను.

అత్త నైట్ డ్యూటీలు చేసే రోజుల్లో ఒక ముసలావిడను చివరిదాకా చూసుకున్నారట. ఆవిడ పోయాక కూతురు తెచ్చి అత్త చేతిలో పెట్టిందట. 1984 చలికాలం అని అత్తకు గుర్తు.

ఇప్పుడు నా తప్పు. ఒక మూల కాఫీ మరకలాంటిది ఉందని మా వీధి చివర డ్రైక్లీనింగ్ షాపులో ఇచ్చాను. మరక పోయింది. కానీ చుట్టూ గుండ్రంగా, సన్న తాడులా ఉన్న అంచు మీద బాగా వేడెక్కిన ఇస్త్రీపెట్టె నడిపేశారు. అంచంతా కాగితంలా అణిగిపోయింది. అత్త దాన్ని వేళ్లతో తడిమి ఏమీ అనకుండా మడిచి పెట్టేసుకున్నారు. ఆ మౌనం నన్ను తినేస్తోంది.

ఈ బొమ్మ ఎవరు గీశారు? దీని వెనక కథేంటి? ఆ అంచు మళ్లీ లేస్తుందా?

పాతపెట్టె (బెంగళూరు)

నీలాంబరి గారూ, మీ చేతిలో ఉన్నది మామూలు రుమాలు కాదు. పదిహేనేళ్లుగా ఇవి పోగుచేస్తున్నాను, అందుకని కొంచెం పెద్దగానే రాస్తాను.

ముందు పేరు. అది ఇంగ్లీషు 'బ్రైడ్స్' కాదు, ఫ్రెంచి 'బ్రిద్ ద గాలా'. బ్రిద్ అంటే కళ్లెం. ఉత్సవాల్లో గుర్రాలకు తొడిగే అలంకారపు కళ్లేలన్నమాట. గీసినాయన పేరు ఉగో గ్రిగ్కార్, మొదట వచ్చింది 1957లో. తరవాత ఎన్నోసార్లు, ఎన్నో రంగుల్లో మళ్లీ మళ్లీ అచ్చయింది. అంచేత మీది 1957 నాటిదే అనుకోకండి. అత్తగారు చెప్పిన 1984కు కొద్దిగా ముందుది అయ్యే అవకాశమే ఎక్కువ.

కంపెనీ పేరును కూడా ఫ్రెంచివాళ్లు 'ఎర్మెస్' అంటారు, మొదటి 'హ' పలకరు. 1837లో తియెరీ ఎర్మెస్ పారిస్‌లో పెట్టింది గుర్రపు జీనుసామాను కార్ఖానా. బండి లాగే గుర్రాలకు పట్టీలు, పగ్గాలు చేసేవారు. 1880లో ఫోబూర్ సెంతొనొరే వీధిలో 24వ నంబరు ఇంటికి మారారు, ఇప్పటికీ అదే వాళ్ల చిరునామా. మోటారు కార్లు వచ్చి గుర్రాలు తగ్గిపోయాక సంచులు, పెట్టెలు, ఆ తరవాత బట్టలు. మీ రుమాలు మీద గుర్రం లేకుండా కళ్లెం ఎందుకుందో ఇప్పుడు అర్థమై ఉంటుంది. ఆ ఇంటివాళ్లు చేసింది గుర్రాన్ని కాదు, కళ్లేన్ని.

మొదటి పట్టు చదరం 1937లో వచ్చింది, కంపెనీకి సరిగ్గా నూరేళ్లు నిండిన ఏడాది. ఇంటి పెద్ద ఎమీల్ ఎర్మెస్. ఆయన అల్లుడు రొబేర్ ద్యుమాది ఈ ఆలోచన. ఎమీల్‌కు పాత వస్తువులంటే ప్రాణం. జీనులు, కొరడాలు, బొమ్మ బండ్లు, పుస్తకాలు కొని దుకాణం పైఅంతస్తులో గదుల నిండా పెట్టుకున్నారు. అందులో 19వ శతాబ్దపు బల్ల ఆట ఒకటి ఉంది, గుర్రాలు లాగే పారిస్ ఆమ్నిబస్ బండ్ల మీద. మొదటి రుమాలు బొమ్మ దాన్నుంచి పుట్టిందే. పేరు కూడా 'ఆమ్నిబస్సులు, తెల్లదొరసానుల ఆట' అని అర్థం వచ్చేలా పెట్టారు. తెల్లదొరసానులంటే మనుషులు కాదు, అప్పట్లో పారిస్‌లో తిరిగిన ఒక బండ్ల కంపెనీ పేరు.

ఫ్రెంచిలో ఈ రుమాలును 'కారే' అంటారు. అంటే చదరం, అంతే.

అంచు సంగతి నాకంటే బాగా తెలిసినవాళ్లు ఇక్కడున్నారు, వాళ్లు చెబుతారు. దయచేసి మళ్లీ ఇస్త్రీకి మాత్రం ఇవ్వకండి.

లెక్కలమాస్టారు (రాజమండ్రి)

మంచి సమాచారం, ధన్యవాదాలు. కానీ ఒక మాట అడగాలి. కొత్తది కొనాలంటే మన దగ్గర మంచి ధర్మవరం చీర ధర పెట్టాలి అంటున్నారు. ధర్మవరంలో బొమ్మ నేతలోనే పుడుతుంది, మగ్గం మీద పోగు పోగు ఎత్తి నేస్తారు. ఇదేమో తెల్లటి పట్టుగుడ్డ మీద అచ్చేసిన బొమ్మ. అచ్చు గుడ్డకు అంత విలువ ఎలా వచ్చింది? పేరుకు తప్ప దేనికి ఇస్తున్నాం డబ్బు? తప్పుపట్టాలని కాదు, నిజంగానే తెలుసుకోవాలని ఉంది. మా ఇంట్లో మూడు తరాలు చీరల వ్యాపారమే.

లియాన్‌వాసి (ఫ్రాన్స్)

మాస్టారూ, మీ ప్రశ్నకు నేను జవాబు చెప్పాలి. పదకొండేళ్లుగా లియాన్ పక్కన వస్త్రాల రంగుల విభాగంలో ఉద్యోగం (ఆ కంపెనీలో కాదు), ఈ పని చేసేవాళ్లతో రోజూ మాటలుంటాయి.

పట్టు సంగతి మొదట. పట్టుగూళ్లు బ్రెజిల్ నుంచి వస్తాయి. ఒక్క చదరానికి దాదాపు 250 గూళ్లు పడతాయని ఇక్కడివాళ్లు చెబుతారు. నేత ట్విల్, అంటే దగ్గరగా చూస్తే ఏటవాలు గీతలు కనబడతాయి. మన చీర నేతలా అడ్డం నిలువు సాదాగా ఉండదు. అందువల్లే చేతిలో ముద్దచేసి వదిలితే జారుతూ విచ్చుకుంటుంది, బరువుగా వాలుతుంది. తూస్తే మాత్రం అరవై డెబ్బై గ్రాములే.

అసలు పని రంగులది. చిత్రకారుడు కాగితం మీద బొమ్మ గీసి ఇచ్చేస్తాడు. అక్కడి నుంచి రంగులు విడదీసి గీసేవారి (ఇక్కడ వాళ్లను 'చెక్కేవారు' అంటారు) చేతికి వెళుతుంది. ఆ బొమ్మలో ఎన్ని రంగులున్నాయో చూసి, ఒక్కో రంగును విడదీసి, ఒక్కో పారదర్శకమైన పొర మీద నల్లటి సిరాతో మళ్లీ గీయాలి. ఇప్పుడు తెర మీద ఎలక్ట్రానిక్ కలంతో గీస్తున్నారు, అయినా గీసేది మనిషి చెయ్యే. ముప్పై రంగులుంటే ముప్పై పొరలు, ముప్పై ఫ్రేములు (ఆ రంగు పడాల్సిన చోట మాత్రమే రంగు దిగేలా చట్రానికి బిగించిన జాలిగుడ్డలు). కొన్నిటికి నలభై కూడా దాటతాయి. ఒక బొమ్మను ఇలా విడదీయడానికి నాలుగైదు వందల గంటలు మామూలు, చిక్కు బొమ్మలైతే రెండు వేల గంటలు పట్టినవీ ఉన్నాయి. నీలాంబరి గారి రుమాలు మీద ఆ తోలు కుట్లు చూడండి. కుట్టు ఒక రంగు, దాని నీడ ఒక రంగు, తోలు మెరుపు మరో రంగు. మూడూ వేర్వేరు ఫ్రేముల నుంచి పడ్డాయి. వెంట్రుకవాసి అటూ ఇటూ అయితే కుట్టు తోలు మీంచి పక్కకు జరిగిపోయేది.

అచ్చు వేసే బల్లలు వంద మీటర్లకు పైనే. పట్టును బిగువుగా పరిచి, ఫ్రేమును ఒక చదరం నుంచి తరవాతి చదరానికి జరుపుకుంటూ పోతారు. ముందు గీతలు, ఆ తరవాత ఒక్కో రంగు. దీన్ని 'లియాన్ పద్ధతి' అంటారు. 1937 నాటి మొదటి రుమాళ్లు చెక్క అచ్చులతో వేసినవి, ఫ్రేములు తరవాత వచ్చాయి. అచ్చయ్యాక ఆవిరి పట్టి రంగును పోగులోకి దించుతారు, ఆపైన ఉతికి జిగురు తీసేస్తారు. ఆవిరికి ముందు చూస్తే రంగులు మొద్దుగా ఉంటాయి. ఉతికాక తడిగుడ్డ మీద వెలుగు పడినప్పుడు చూడాలి. నేను ఒకసారి చూశాను, ఇప్పటికీ కళ్లల్లోనే ఉంది.

ఒకే బొమ్మను పది రకాల రంగుల పొత్తుల్లో వేస్తారు. ఆ పొత్తులు కుదిర్చేవాళ్లది వేరే విభాగం. వాళ్ల దగ్గర డెబ్బై వేలకు పైగా రంగుఛాయల జాబితా ఉంది.

మాస్టారూ, నేతలో పుట్టిన బొమ్మ గొప్పదే, కాదనను. ఇది దానికంటే తక్కువ పని మాత్రం కాదు.

పెడన_అచ్చు (పెడన, కృష్ణా జిల్లా)

లియాన్‌వాసి గారు చెప్పింది చదువుతుంటే మా ఇంటి వసారాలో కూర్చున్నట్టే ఉందండి. మాది కలంకారీ అచ్చుపని. మా తాత, మా నాన్న, ఇప్పుడు నేను.

మేమూ ముందు గీతల అచ్చే వేస్తాం, ఆ తరవాత నింపుడు అచ్చులు. టేకు చెక్క మీద చెక్కేవాళ్లు వేరే ఉంటారు, వాళ్ల చెయ్యి తిరిగితేనే మా పని నిలబడుతుంది. ఒక్కో రంగుకు ఒక్కో అచ్చు. నాలుగైదు రంగులకే మాకు ఒళ్లు హూనమవుద్ది. ముప్పై, నలభై అంటే, అయ్యబాబోయ్.

ఒక తేడా ఉందండి. మేం రంగు నేరుగా వెయ్యం. గుడ్డను కరక్కాయ నీళ్లలో, పాలలో నానబెట్టి ఎండేస్తాం. పాలు ఎందుకంటే రంగు పక్కకు పాకకుండా. ఆ తరవాత బెల్లం, తుప్పు ఇనుము కలిపి పులియబెట్టిన నీళ్లతో అచ్చేస్తే నలుపు. పటిక నీళ్లతో అచ్చేస్తే అప్పటికి ఏమీ కనపడదు. కాలవలో జాడించి, వేరు వేసి కాగుల్లో మరగబెట్టినప్పుడు పటిక పడ్డచోట మాత్రమే ఎరుపు ఎక్కుద్ది. చిన్నప్పుడు ఆ కాగు దగ్గర నిలబడి ఎరుపు తేలడం చూడ్డమే నా పని. మీ ఆవిరి, మా కాగు ఒకే పని చేస్తున్నాయన్నమాట.

రేవుకథలు (విజయవాడ)

పెడన అన్నగారు మొదలుపెట్టారు కాబట్టి నేను అందుకుంటాను. ఈ కాగు కథ ఫ్రాన్స్ దాకా వెళ్లింది.

17వ శతాబ్దంలో గోల్కొండ రాజ్యపు పెద్ద రేవు మచిలీపట్నం. 1669లో ఫ్రెంచి కంపెనీ కూడా అక్కడ దిగింది. బందరులో ఫ్రెంచిపేట పేరు అందువల్ల వచ్చిందే. ఓడలెక్కిన సరుకులో ముఖ్యమైనది రంగు అద్దకపు నూలుగుడ్డ. ఐరోపాలో అచ్చుపని లేక కాదు. ఉతికినా రంగు దిగని గుడ్డ వాళ్లకు కొత్త. కృష్ణా తీరపు ఇసుకనేలల్లో దొరికే చిరివేరు ఎరుపు అలాంటిది. ఫ్రాన్స్‌లో ఈ గుడ్డలను 'ఆందియెన్' అన్నారు, అంటే ఇండియావి అని. జనం ఎంతగా ఎగబడ్డారంటే పట్టు, ఉన్ని నేతగాళ్లు గోలపెట్టి ప్రభుత్వం చేత 1686లో నిషేధం పెట్టించారు. దిగుమతి కూడదు, అక్కడ అచ్చువేయకూడదు, చివరికి తొడుక్కోవడం కూడా నేరమైంది. 1759 దాకా, డెబ్బై మూడేళ్లు. ఆ సద్దు మణిగిన మరుసటేడే ఓబెర్‌కాంఫ్ అనే ఆయన పారిస్ దగ్గర జూయీ అనే ఊళ్లో అచ్చు కార్ఖానా తెరిచాడు.

నిషేధం ఉన్న రోజుల్లోనే పుదుచ్చేరి వచ్చిన బోల్యూ అనే ఫ్రెంచి నౌకాదళం అధికారి అద్దకపు పనిని కళ్లారా చూసి, ఒక్కో దశ తరవాత గుడ్డలోంచి ముక్క కత్తిరించి కాగితానికి అంటించి రాసుకున్నాడు. ఆ రాతప్రతి ఇప్పటికీ పారిస్‌లో ఉంది. 1742లో కేర్దూ అనే జెస్యూట్ ఫాదరు ఇదే పని గురించి వివరంగా ఉత్తరం రాశాడు. ఈ కేర్దూనే తెలుగు, ఫ్రెంచి, సంస్కృత నిఘంటువు కూడా కూర్చాడు. మన భాష నేర్చుకున్న మనిషి మన రంగు పనిని రాసిపెట్టాడు.

అలాగని ఎర్మెస్ రుమాలు బందరు నుంచి వచ్చిందని నేననను. అలా చుట్టరికం కలపడం సరికాదు. లియాన్ పట్టుకు తనదైన చరిత్ర ఉంది. 1536లో ఫ్రాన్సువా రాజు ఇచ్చిన హక్కులతో అక్కడ నేత నిలదొక్కుకుంది, జకార్డ్ మగ్గం పుట్టింది ఆ ఊళ్లోనే. కానీ గుడ్డ మీద రంగును అచ్చుతో నిలబెట్టాలన్న ఆశ ఫ్రాన్స్‌కు ఎక్కడ అంటుకుందంటే, మన తీరం గుడ్డలు చూసిన కళ్లకే.

లెక్కలమాస్టారు (రాజమండ్రి)

రెండు వేల గంటలు అన్నమాట దగ్గర ఆగిపోయానండి. నా అభిప్రాయం కొంత మార్చుకుంటున్నాను. కొంతే. ఆ చెక్కిన మనిషి పేరు రుమాలు మీద ఉంటుందా? చిత్రకారుడి పేరు ఉంటుందని విన్నాను. ధర్మవరం చీర మీద నేతగాడి పేరు ఉండదు, అది నాకు ఎప్పుడూ బాధే.

లియాన్‌వాసి (ఫ్రాన్స్)

ఉండదు మాస్టారూ. చిత్రకారుడి సంతకం బొమ్మలో చాలావాటిలో ఉంటుంది, చెక్కేవారిది ఉండదు. అంచు చుట్టేవారిదీ ఉండదు. నాకూ అదే లోటనిపిస్తుంది.

చౌకాఇల్లు (పుట్టపాక, యాదాద్రి భువనగిరి)

అన్నలూ అక్కలూ, చదరం అనే మాట కాడ నాకు పాణం లేచొచ్చింది. మా ఇంట్ల తేలియా రుమాలును 'చౌకా' అనే అంటరు. ఫ్రెంచోళ్ల కారే, మా చౌకా, రెండు మాటలకూ అర్థం ఒక్కటే.

మాది అచ్చు గాదు, నేత. పోగును ముందుగాల్నే ముడులేసి రంగుల ముంచుతం. నిలువు పోగు, పేక పోగు రెండింటికీ లెక్కబెట్టి ముడులెయ్యాలె. మగ్గమెక్కినంక ఆ రెండు రంగులు ఒకదాని మీద ఒకటి కూసుంటెనే బొమ్మ తెగుతది. లియాన్ అన్న చెప్పిన వెంట్రుకవాసి మాట మాకు బాగా ఎరుక. తేలియా అని ఎందుకన్నరంటే నూనె. ఆముదం కాయల పొట్టు కాల్చిన బూడిదనీళ్లల్ల నూనె కలిపి, పోగును దినాల తరబడి నానబెట్టి పిసుకుతం, ఎండబెడతం, మళ్ల పిసుకుతం. ఎరుపు గట్టిగ పట్టుకునేది గప్పుడే. ఆ వాసన గుడ్డకు ఏండ్లకేండ్లు ఉంటది. మా నాయిన అంగి వాసన అదే.

ఈ పని మొదట చీరాల దిక్కు పెద్దగ నడిచింది. అరబ్బు దేశాలకు తలగుడ్డలుగ ఓడలెక్కి పోయేటివి. పాత చౌకాల మీద ఏమున్నయో తెలుసా? ఏనుగు, సింహంతో పాటు విమానాలు, గడియారాలు. కొత్తగ కంటికి ఏది కనబడితే దాన్ని ముడులల్లకు ఎక్కించిన్రు. పారిస్‌ల ఆయన బస్సుబండిని రుమాలు మీదికి తెచ్చినట్టే గదా. మా ఊరి గజం గోవర్ధన గారికి 2011ల పద్మశ్రీ వచ్చింది. 2020ల తేలియా రుమాలుకు భౌగోళిక గుర్తింపు కూడ వచ్చింది.

ఒక్క మాట గట్టిగ చెప్త. వాళ్ల చదరానికి పెట్టె ఉన్నది, పేరున్నది, గీసినోడి కథ ఉన్నది, ఏ ఏడాది వచ్చిందో రాసి ఉన్నది. అందుకే పోగుచేసేటోళ్లు దొరికిన్రు. మా ముత్తాత నేసిన చౌకాలు ఎక్కడున్నయో, ఏ ఏడాదివో మాకే తెల్వది. ఇప్పుడు నేను ఒక్కో చౌకా మగ్గం దించంగనే ఫొటో తీసి, బొమ్మ పేరు, తారీకు, ముడులేసిన మా అమ్మ పేరు నోటుపుస్తకంల రాస్తున్న. మాస్టారు అడిగిన ప్రశ్నకు నా కాడ ఉన్న జవాబు గదే.

లెక్కలమాస్టారు (రాజమండ్రి)

తమ్ముడూ, ఆ నోటుపుస్తకం ఒకసారి చూడాలని ఉంది. పుట్టపాక వస్తాను. అమ్మగారికి నా నమస్కారం చెప్పు.

పాతపెట్టె (బెంగళూరు)

చౌకాఇల్లు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. మేం పోగుచేసేది పట్టును కాదు, ఆ వివరాలనే. నాకు బాగా నచ్చినవి రెండు మూడు చెబుతాను.

టెక్సస్‌లో వేకో అనే ఊరు. అక్కడి పోస్టాఫీసులో రాత్రిపూట ఉత్తరాలు వేరుచేసే ఉద్యోగం కెర్మిట్ ఆలివర్‌ది. పగలు బొమ్మలు వేసేవాడు. 1980ల నుంచి ఎర్మెస్‌కు పదిహేనుకు పైగా రుమాళ్లు గీశాడు. అక్కడి పక్షులు, జంతువులు, పూలు, అమెరికా మూలవాసుల తలపాగాలు. ఆ ఇంటికి గీసిన మొదటి అమెరికన్ ఆయనే. అంత పేరొచ్చినా పోస్టాఫీసు ఉద్యోగం మానలేదు. ఆయన గీసిన చదరం నా దగ్గర ఒక్కటే ఉంది. దాన్ని తీసినప్పుడల్లా, రాత్రంతా ఉత్తరాలు సర్ది పొద్దున్నే ఈ ఈకల ఒక్కో గీతా గీసిన మనిషి గుర్తొస్తాడు.

ఆనీ ఫేవ్ర్ అనే చిత్రకారిణి తన బొమ్మల్లో ఎక్కడో ఒకచోట కోతిని దాస్తుంది. మా పాప దగ్గర పరిస్తే పది నిమిషాలు కదలదు, వెతుకుతుంది. పోస్టర్లకు పేరుపడ్డ కసాండ్ర్ కూడా 1951లో ఒకటి గీశాడు.

ఇక గ్రిగ్కార్. 1940లు, 1950లలో ఆ ఇంటికి ఎన్నో గీశాడు. 1946లో వచ్చిన 'ఎక్స్ లిబ్రిస్' ఆయనదే. ఎమీల్ తన పుస్తకాల్లో అంటించుకున్న ముద్ర బొమ్మే దానికి మూలం. గుర్రబ్బండి, పక్కన నిలబడ్డ పనివాడు. బండెక్కి తోలే మనిషి మాత్రం ఉండడు. ఇప్పుడు వాళ్ల పెట్టెల మీద ఉన్న గుర్తు కూడా ఆ వరసలోదే. తోలేది కొనుక్కున్న మనిషేనని దానికి అర్థం చెబుతారు. నాకు మాత్రం ఇంకోటి తోస్తుంది. కళ్లేల్లో గుర్రం లేదు, బండిలో సారథి లేడు. గ్రిగ్కార్ వదిలేసిన ఆ ఖాళీ వల్లే ఆ బొమ్మలు డెబ్బై ఏళ్లయినా పాతబడలేదు. గుర్రం కూడా గీసి ఉంటే అది మామూలు గుర్రం బొమ్మ అయ్యేది.

నారింజ పెట్టె గురించి కూడా. యుద్ధానికి ముందు పెట్టెలు మీగడ రంగులో ఉండేవి. 1940లలో అట్టకు కరువొచ్చి, దొరికింది నారింజ రంగు ఒక్కటే అయితే దాన్నే వాడారు. అదే గుర్తైపోయింది.

కొత్తగాచేరాను (విశాఖపట్నం)

పెద్దవాళ్లకు నమస్కారం. ఆన్‌లైన్లో పాతవి అమ్ముతున్నారు, నకిలీలు చాలా ఉన్నాయంటున్నారు. ఎలా పోల్చాలి?

పాతపెట్టె (బెంగళూరు)

మొదట అంచు చూడు తమ్ముడూ. చేత్తో చుట్టి కుట్టిన అంచు. అది బొమ్మ ఉన్న ముఖం వైపుకు తిరిగి ఉంటుంది, వెనక్కి కాదు. ఉబ్బెత్తుగా, లోపల గాలి ఉన్నట్టు ఉంటుంది. మిషను కుట్టు కనబడితే వదిలెయ్. కుట్టుదారం అంచు రంగుకు కుదురుతుంది. చేతికుట్టు గనక కుట్టుకూ కుట్టుకూ మధ్య ఎడం ముద్ర కొట్టినట్టు ఒకేలా ఉండదు.

ఆ తరవాత గీతలు. భూతద్దం పెట్టి సన్నని గీత దగ్గర చూడు. రెండు రంగులు కలిసేచోట మసక ఉంటే అనుమానించు. చివరగా, ఆ బొమ్మ ఏ ఏడాది వచ్చింది, ఏ రంగుల్లో వచ్చింది, పేరు అక్షరాలు ఎక్కడ పడ్డాయి అన్నవి అసలు ఫొటోలతో పోల్చు. పెట్టె ఉందని నమ్మొద్దు, పెట్టెలు విడిగా కూడా అమ్ముతారు. తొందరపడి కొనకు, నచ్చినదాన్ని ఆరునెలలు చూస్తూ ఉండు. అప్పటికీ నచ్చితే అప్పుడు కొను.

లియాన్‌వాసి (ఫ్రాన్స్)

నీలాంబరి గారూ, అంచు సంగతి. దాన్ని ఇక్కడ 'రూలొతాజ్' అంటారు. నేర్చిన చేతికి కూడా ఒక్క రుమాలు చుట్టూ తిప్పి కుట్టడానికి అరగంటకు పైనే పడుతుంది. వేలు కొద్దిగా తడిచేసుకుని అంచును లోపలికి దొర్లిస్తూ, వెంటనే సూదితో పట్టుకుంటూ పోతారు.

మీ అంచు కుట్టు ఊడలేదు, అణిగింది అంతే. కాబట్టి ఆశ ఉంది. కెటిల్లో నీళ్లు మరిగించండి. అంచును ఆవిరికి జానెడు దూరంలో పట్టుకోండి, అంతకంటే దగ్గరికి తేవద్దు. నీటిబొట్టు పడితే మరక నిలుస్తుంది. అంచు మెత్తబడగానే బొటనవేలు, చూపుడువేలు మధ్య పెట్టి అటూ ఇటూ దొర్లించండి, గట్టిగా లాగకండి. ఒక వేలెడు లేచాక తరవాతి వేలెడు. ఒకే రోజు మొత్తం చేయాలనుకోవద్దు. ఆ తరవాత మడత మీద బరువు పెట్టకుండా తెల్లటి మెత్తని నూలుగుడ్డలో చుట్టి పెట్టండి. మడత ఎప్పుడూ ఒకేచోట పడకుండా మారుస్తూ ఉండండి. కలరా ఉండలు పట్టుకు తగలనివ్వకండి.

రేవుకథలు (విజయవాడ)

అత్తగారు నర్సని చదివాక ఒకటి చెప్పాలనిపించింది. మొనాకో యువరాణి గ్రేస్ కెల్లీ 1950లలో చేతికి దెబ్బ తగిలితే ఎర్మెస్ చదరాన్నే మెడకు జోలెలా కట్టుకుని చెయ్యి అందులో పెట్టుకుంది. ఆ ఫొటో లోకమంతా తిరిగింది. 1966లో ఇటలీ ఫ్యాషన్ కంపెనీ గూచీ వాళ్లు ఆమె కోసమే 'ఫ్లోరా' అనే పూల రుమాలు గీయించారు, అచ్చుకు 37 రంగులు పట్టాయి.

ఇంకోటి. రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ విమాన సైనికులకు పట్టుగుడ్డ మీద అచ్చేసిన దేశపటాలు ఇచ్చేవారు. శత్రువుల దేశంలో దిగిపోతే దారి చూసుకోవడానికి. కాగితమైతే చప్పుడవుతుంది, తడిస్తే చిరుగుతుంది.

నీలాంబరి (హైదరాబాద్)

మూడు వారాలకు వచ్చాను, ఆలస్యమైంది. ఇదంతా అత్తకు కూర్చోబెట్టి చదివి వినిపించాను. పుట్టపాక తమ్ముడి వాళ్ల అమ్మ పేరు నోటుపుస్తకంలో రాస్తున్నాడన్నచోట ఇంకోసారి చదవమన్నారు.

అంచు పని మొదలుపెట్టింది నేనే, కానీ నా వేళ్ల మధ్య అది మెలిపడిపోయేది. అత్త ఐదు నిమిషాలు చూసి, "ఇటివ్వు, వత్తులు చేసినట్టు చెయ్యాలి" అని తీసుకున్నారు. రోజూ దీపానికి వత్తులు చేసే వేళ్లు. నేను కెటిల్ పట్టుకున్నాను, అత్త దొర్లించారు. రోజుకు ఒక పక్క చొప్పున చేశాం. మూడు పక్కలు బాగా లేచాయి. నాలుగో పక్క, మరక ఉన్న మూల దగ్గర జానెడు మేర ఇంకా పలకగానే ఉంది. "ఉండనీ" అన్నారు అత్త.

ఆ పని చేస్తున్నప్పుడే ఆ ముసలావిడ సంగతి చెప్పారు. ఆవిడకు రాత్రుళ్లు నిద్రపట్టేది కాదట. ఈ రుమాలు దిండు మీద పరిపించుకుని, కళ్లెం మీద వేలుతో గీతల వెంట పోతూ పడుకునేదట. తండ్రికి గుర్రాలుండేవట. ఏ పట్టీ ఎక్కడ తగిలించాలో అత్తకు పేర్లు చెప్పేదట. అత్తకు ఇప్పుడు ఆ పేర్లు గుర్తులేవు గానీ, ముక్కు మీదుగా పోయే పట్టీ దగ్గర వేలు పెట్టి "ఇక్కడికొచ్చేసరికి నిద్రపోయేది" అని చూపించారు.

గ్రేస్ కెల్లీ సంగతి చదివినప్పుడు అత్త లేచి నిలబడ్డారు. రుమాలును మూల నుంచి మూలకు మడిచి, నా మోచెయ్యి ముక్కోణం లోపల పెట్టి, రెండు కొసలు మెడ వెనక ముడివేశారు. ఎముకకు ముడి తగలకుండా కొంచెం పక్కకు జరిపారు. "గజం గుడ్డను మూలకు కోస్తే వచ్చే ముక్కోణమే మా ఆసుపత్రి కట్టు. ఇదీ అంతే కొలత" అన్నారు. ఆ రాత్రి భోజనం దాకా దాన్ని విప్పనివ్వలేదు.